ఆ ఫోను ఎవరిది?

పోయిన వేసవిలో దివిసీమకి ఇవతల ఒక ఊరినుంచి ఒక అమ్మాయి మా సంఘం నంబరుకి వాట్సాప్‌లో ఒక ప్రశ్న పంపింది. ఇంటర్ రెండో ఏడు పరీక్షలు రాసి, హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చిన పిల్ల. "రెండు నెలల నుంచి డేట్ రాలేదండి, భయంగా వుంది, అమ్మకి చెప్పలేను." అంతే ప్రశ్న. మా కార్యకర్త శ్రద్ధగానే జవాబు రాసింది. పరీక్షల ఒత్తిడి వల్లా, రక్తహీనత వల్లా, థైరాయిడ్ తేడా వల్లా కూడా నెలసరి తప్పుతుందని రాసింది. వేరే కారణానికి అవకాశం వుంటే మందుల షాపులో దొరికే ప్రెగ్నెన్సీ కిట్‌తో చూసుకోవచ్చనీ, ఏదైనా సరే ఒకసారి డాక్టరుకి చూపించుకోమనీ రాసింది. అందులో తప్పు లేదు. కానీ ఆ జవాబు చేరే సమయానికి ఫోను ఆ అమ్మాయి చేతిలో లేదు, అన్న చేతిలో వుంది. అతను పై వాక్యాలేవీ చదవలేదు. ప్రెగ్నెన్సీ అన్న ఒక్క మాట చదివాడు.

ఆ రాత్రి ఆ యింట్లో ఏం జరిగిందో ఈ పత్రిక పాఠకులకి నేను వివరించక్కర్లేదు. వారం తిరక్కుండా పెళ్ళి సంబంధాలు చూడటం మొదలైంది. డిగ్రీ దరఖాస్తు ఆగిపోయింది. తీరా పదిహేను రోజుల తర్వాత, ఊరి ఆశా కార్యకర్త పట్టుబట్టి రక్త పరీక్ష చేయిస్తే, ఆ పిల్లకి వున్నది రక్తహీనత. హిమోగ్లోబిన్ ఏడు.

ఆ అమ్మాయి అనుమతితోనే, ఆనవాళ్ళు మార్చి, ఇది రాస్తున్నాను. "మీరు మంచిగానే చెప్పారు మేడమ్, ఫోనే నాది కాదు" అందా పిల్ల. ఈ సంచికకి సంపాదకీయం ఏం రాయాలా అని కూర్చున్నప్పుడల్లా ఆ మాటే అడ్డొస్తోంది. యువతీ యువకుల లైంగిక ఆరోగ్యానికి మొబైల్‌నీ సోషల్ మీడియానీ వాడుకోవాలని ఇప్పుడు ప్రతి ప్రాజెక్టు కాగితంలోనూ వుంటోంది. పిల్లలందరి చేతుల్లోనూ ఫోను వుంది కాబట్టి సమాచారం అందులో పెడితే చాలు, అదే చేరుతుందని లెక్క. మేమూ ఆ లెక్క నమ్మినవాళ్ళమే. అందుకే ఇది ముందుగా మా సంజాయిషీ.

మేం ఈ పనిలోకి ఏ పథకం ప్రకారమూ దిగలేదు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వరద సింగ్ నగర్‌ని ముంచినప్పుడు, మేడల మీద చిక్కుకున్నవాళ్ళకి పాల పాకెట్లూ మంచినీళ్ళూ పంపడానికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాం. మూడో రోజున ఎవరో మొహమాటంగా "అక్కా, ప్యాడ్స్ ఏమైనా వుంటే" అని రాశారు. దాని కింద అరగంటలో ఇరవై మంది "నాకూ" అని రాశారు. నీళ్ళు తీశాక గ్రూపు మూసేద్దామనుకున్నాం. మూయనివ్వలేదు. తెల్లబట్ట అవుతోంది జబ్బా అని ఒకరు, నెలసరి నొప్పికి మాత్ర వేసుకుంటే పిల్లలు పుట్టరా అని ఒకరు, అబ్బాయి ఫొటో అడుగుతున్నాడు, పంపకపోతే మాట్లాడనంటున్నాడు అని ఒకరు. గ్రూపులో అడగలేనివి విడిగా అడిగేవాళ్ళు. ఆ నంబరు ఒకరి నుంచి ఒకరికి పాకి కంకిపాడు, ఉయ్యూరు, అవనిగడ్డ దాకా వెళ్ళింది.

నిజానికి శరీరం గురించి తెలుగులో ప్రశ్నలడగడం విజయవాడకి కొత్త కాదు. కొమర్రాజు లక్ష్మణరావు గారి కూతురు డాక్టర్ అచ్చమాంబ ఈ ఊళ్ళోనే వైద్యం చేశారు, 1957లో ఇక్కడినుంచే లోక్‌సభకి వెళ్ళారు. ప్రసూతి గురించీ శిశుపోషణ గురించీ మామూలు గృహిణికి అర్థమయ్యే తెలుగులో పుస్తకం రాశారు. గోరా గారి అమ్మాయి చెన్నుపాటి విద్య 1969లో వాసవ్య మహిళా మండలి పెట్టారు. ఆమె సోదరుడు డాక్టర్ సమరం 'స్వాతి' వారపత్రికలో ఏళ్ళ తరబడి పాఠకుల లైంగిక సందేహాలకి జవాబులు రాశారు. ఆ పేజీని ఇంట్లో పెద్దవాళ్ళు చూడకుండా చదివినవాళ్ళలో నేనూ వున్నాను. హస్త ప్రయోగం వల్ల నరాల బలహీనత రాదని, స్వప్నస్ఖలనం జబ్బు కాదని ఆయన ఎన్ని వందల సార్లు రాసివుంటారో! అయినా అదే ప్రశ్న మళ్ళీ వచ్చేది. 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'సవాలక్ష సందేహాలు' మాలాంటివాళ్ళకి మన శరీరం గురించి మనమే మాట్లాడుకోవచ్చని ధైర్యమిచ్చిన పుస్తకం. దాన్ని చుట్టూ కూర్చుని పైకి చదువుకునేవాళ్ళం. ఒకరు చదివితే పదిమంది విని, ఇద్దరు ఏడ్చి, ఒకరు దెబ్బలాడేవాళ్ళు.

పత్రికకి ఉత్తరం రాసినవాళ్ళకి ఒక సౌకర్యం వుండేది. పేరు బదులు పొడి అక్షరాలు రాసి, ఊరి పేరు వేసి, ఎర్ర డబ్బాలో పడేస్తే అయిపోయేది. జవాబు ఏ పుస్తకాల షాపులో వేలాడే పత్రికలోనో వచ్చేది. అది ఎవరికోసమో ఎవరికీ తెలిసేది కాదు. ఫోను అలా కాదు. జవాబు నేరుగా ఆ పిల్ల పేరు మీద, ఆ పిల్ల ఇంటికే వస్తుంది, ఘల్లుమని మోగుతుంది, తెర మీద మొదటి లైను చూపిస్తుంది. మాయమయ్యే మెసేజ్‌లు పెట్టుకోమని మాకు చాలామంది సలహా చెప్పారు. మాయమయ్యేలోపే చదివే అన్నయ్యలకి ఆ ఏర్పాటు అడ్డం రాదు.

అందరి దగ్గరా ఫోను వుందన్న మాటకి వస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఫోను వున్న స్త్రీలు 48.9 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ తర్వాత ఈ అంకెలు పెరిగే వుంటాయి, కాదనను. కానీ ఆడవాళ్ళలో ఇంటర్నెట్ చూసినవాళ్ళు మగవాళ్ళలో సగం కూడా లేని చోట, అందరి చేతుల్లోనూ అనేమాటలో ఆ 'అందరూ' ఎవరో అడగాలి కదా. అదే సర్వేలో ఇంకో రెండు అంకెలున్నాయి. 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు 29.3 శాతం. 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవాళ్ళు లేదా గర్భవతులు 12.6 శాతం. అంతకుముందు సర్వేలో ఈ రెండోది 11.8 శాతం. చౌక డేటా వచ్చిన సంవత్సరాలలోనే అది తగ్గకపోగా కాస్త పెరిగింది.

ఫోన్లో ఆరోగ్య సలహా అనేది కూడా మనకి కొత్త కాదు. 2007లోనే ఉమ్మడి రాష్ట్రంలో 104 నంబరు వచ్చింది. ఫోను చేస్తే అవతల ఆరోగ్య సలహా చెప్పే మనిషి వుండేవారు. అది మంచి ఆలోచన. అప్పుడూ ఊళ్ళో ఫోను మగవాడి చొక్కా జేబులో వుండేది.

ఇక మాటలు. తెలుగులో ఈ విషయానికి రెండే రకాల మాటలున్నాయి. ఒకటి పాఠ్యపుస్తకం భాష: ఋతుచక్రం, అండవాహిక, జననేంద్రియాలు. రెండోది తిట్ల భాష. ఈ రెంటికీ మధ్య ఒక పదిహేనేళ్ళ పిల్ల తన శరీరాన్ని తను పిలుచుకోవడానికి మాటే లేదు. "అక్కడ", "కింద", "అది", "డేట్", "ప్రాబ్లమ్". మాకొచ్చే ప్రశ్నలన్నీ ఇలానే వస్తాయి. యాప్‌లు తయారుచేసేవాళ్ళు ఇంగ్లీషునుంచి అనువదించి పంపే తెలుగు చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కూడా వస్తాయి. ఆ తెలుగు చదివి అర్థం చేసుకోగల పిల్లకి ఆ సందేహమే వుండదు. అందుకే మేం రాయడం తగ్గించి చెప్పడం మొదలుపెట్టాం. మనిషి గొంతులో "అక్కడ" అన్నా అర్థమవుతుంది. కాగితం మీద అర్థం కాదు.

మాట లేదు గానీ ఆర్భాటానికి లోటు లేదు. డెల్టాలో ఏ ఊరి సెంటర్లో నిలబడినా ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ కనిపిస్తుంది. పన్నెండేళ్ళ పిల్ల నిలువెత్తు ఫొటో, పక్కన మేనమామల ఫొటోలు, పైన నాయకుల ఫొటోలు. వెనకటికి సమర్తాడితే చిమ్మిలి పెట్టి, పేరంటాళ్ళని పిలిచి, ఆడవాళ్ళ మధ్య చేసేవాళ్ళు. ఇప్పుడు డ్రోన్ కెమెరా వచ్చింది. ఆ వీడియో ఇన్‌స్టాగ్రామ్‌లోకి ఎక్కుతుంది. పిల్ల పెద్దమనిషి అయిందని ఊరందరికీ ఫోన్లో చెప్పడానికి ఏ ఇంట్లోనూ సిగ్గు లేదు. పెద్దమనిషి కావడమంటే ఏమిటో ఆ పిల్లకి అదే ఫోన్లో చెబితే మాత్రం పరువు పోతుంది. ఆ ఫంక్షన్లకి మా కార్యకర్తలు వెళ్ళినప్పుడు అక్షింతలు వేసి, భోంచేసి, పిల్లని పక్కకి పిలిచి "ఏమైందో తెలుసా నీకు?" అని అడుగుతారు. "నన్ను మూల కూర్చోబెట్టారు" అని చెప్పిన పిల్లలున్నారు. ఆ పిల్లలకి తెలిసింది అంతే.

విజయవాడ చుట్టూ వున్న ఇంటర్ హాస్టళ్ళ సంగతి కూడా చెప్పాలి. గూడవల్లి, నిడమానూరు, పోరంకి వైపు వేలమంది పిల్లలు రెండేళ్ళపాటు ఫోను లేకుండా, బయటి ప్రపంచం లేకుండా, ర్యాంకుల కోసం చదువుతారు. ఆదివారం వార్డెన్ ఎదురుగా ఇంటికి పది నిమిషాల మాట. జీవశాస్త్రంలో పునరుత్పత్తి పాఠం ఎంట్రన్సు పరీక్షకి ఎన్ని మార్కులో అంతవరకే. ఆ తర్వాత ఇంజనీరింగ్‌లో చేరగానే ఒక్కసారిగా చేతికి స్మార్ట్‌ఫోను వస్తుంది. పదహారు, పదిహేడేళ్ళ వయసులో ఏ మాటా నేర్పకుండా, పద్దెనిమిదో ఏట అన్నీ చూపించే యంత్రం ఇస్తున్నాం.

ఆ యంత్రం ఆడపిల్లలకి ఎంత భయమో 2024 ఆగస్టు చివర గుడ్లవల్లేరులో చూశాం. ఇంజనీరింగ్ కళాశాల ఆడపిల్లల హాస్టల్ బాత్‌రూముల్లో రహస్య కెమెరాలున్నాయన్న ఆరోపణతో విద్యార్థినులు రాత్రంతా బయటికొచ్చి న్యాయం కావాలని నినాదాలు చేశారు. పోలీసులు వెతికి కెమెరాలేవీ దొరకలేదన్నారు. ఆ మాటతో పత్రికలకి వార్త ముగిసింది. నాకు ముగియలేదు. కెమెరా వున్నా లేకపోయినా, తమ శరీరాన్ని ఎవరో చూసేస్తున్నారని, చూసినవాడు ఫోన్లో పెట్టేస్తాడని, పెడితే తమ బతుకు అయిపోయినట్టేనని అంతమంది పిల్లలు నమ్మారంటే, ఆ భయం ఒక్క రాత్రి పుట్టింది కాదు. ఎవరైనా అలా చేస్తే 1930కి ఫోను చేయాలనీ, సిగ్గుపడాల్సింది తీసినవాడనీ, ఫొటో బయటికొస్తే చావక్కర్లేదనీ వాళ్ళకి ముందే ఎవరు చెప్పారు? లైంగిక ఆరోగ్య విద్య అంటే నా దృష్టిలో ఇదీ అందులో భాగమే, నెలసరి పాఠంతో సమానంగా.

మగపిల్లల్ని వదిలేసి ఈ మాట పూర్తి కాదు. వాళ్ళకి గురువు అశ్లీల వీడియో. దాని తర్వాత సెక్స్ స్పెషలిస్టు. ఒకప్పుడు రైల్వే స్టేషను గోడల మీదా, బస్టాండు మూత్రశాలల్లోనూ వుండే ప్రకటనలు ఇప్పుడు యూట్యూబులోకి మారాయి. బలహీనత, చిన్నది, శీఘ్రం అని భయపెట్టి, మందు కొనిపించడం. ఆ భయంతో వున్న కుర్రాడు అమ్మాయి దగ్గర తన మగతనం రుజువు చేసుకోవాలనుకుంటాడు. వద్దంటే వద్దని అర్థమన్న సంగతి ఏ వీడియోలోనూ వుండదు. మా నంబరుకి మగపిల్లలు ఫోను చేస్తే మొదట్లో కోపంగా పెట్టేసేవాళ్ళం, ఆకతాయితనానికేనని. ఆకతాయిలూ వున్నారు. కానీ ఒక ఐటిఐ కుర్రాడు వరసగా నాలుగు వారాలు చేసి, ఐదో వారం అసలు ప్రశ్న అడిగాడు. అప్పటినుంచి మా పద్ధతి మార్చుకున్నాం. వాళ్ళతో మాట్లాడటానికి ఒక రిటైరైన మేల్ నర్సుని ఒప్పించాం.

మరి ప్రభుత్వం? 2005లో కేంద్రం బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెడితే 2007 నాటికి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్, కర్ణాటకలాంటి రాష్ట్రాలు మన సంస్కృతి కాదని ఆపేశాయి. 2009లో, మన తెలుగువారైన వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన వున్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య వుండకూడదని సిఫార్సు చేసింది. 2014లో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం, 2017లో దాని కింద 'సాథియా' కిట్టూ, యాప్ వచ్చాయి. 2024లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో లైంగిక విద్య మీద వున్న అపోహల్ని తప్పుపట్టి, సమగ్రంగా నేర్పాలంది. ఇక్కడ మన రాష్ట్రంలో 2020లో దిశ యాప్, 2025లో శక్తి యాప్ వచ్చాయి. ఆపద వస్తే నొక్కడానికి ఆడపిల్ల ఫోన్లో మీట పెట్టడానికి ప్రభుత్వాలు పోటీపడతాయి. ఆపద ఏదో, ప్రేమ ఏదో, తన ఇష్టం ఏదో ఆ పిల్లే తేల్చుకోవడానికి కావలసిన జ్ఞానం మాత్రం ఎవరి యాప్‌లోనూ ముందు వరసలో లేదు.

అలాగని ప్రభుత్వమో, కంపెనీయో యాప్ తెస్తే చంకలు గుద్దుకునే స్థితిలో మనం లేం. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక సూదిమందు ప్రయోగాన్ని స్త్రీశక్తి సంఘటన పట్టుకుంది. ఆడవాళ్ళకి అది ప్రయోగమన్న సంగతే సరిగా చెప్పలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేలమంది 10-14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పివి టీకా వేస్తూ, హాస్టల్ పిల్లల సమ్మతి పత్రాల మీద వార్డెన్లతో సంతకాలు పెట్టించారు. 2010లో అది ఆగిపోయింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. పిల్ల శరీరానికి సంబంధించిన సమ్మతి ఎవరిస్తారన్నదే అప్పుడూ ప్రశ్న, ఇప్పుడూ ప్రశ్న. ఏ నెలలో ఏ పిల్లకి నెలసరి తప్పిందో రాసుకునే యాప్‌లో ఆ రాత ఎవరి ఆస్తి? 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారి సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. ఆసుపత్రులకీ బడులకీ నిబంధనల్లో కొన్ని మినహాయింపులున్నాయి. మనలాంటి సంఘాలు ఆ మినహాయింపుల్లోకి వస్తాయని ధీమాగా కూర్చోకూడదు. అందుకే మేం ఏదీ రాసిపెట్టుకోవడం లేదు. ఎంతమందికి లబ్ధి చేకూరిందో అంకెలు కావాలని అడిగే దాతలకి ఇది నచ్చదు, తెలుసు.

అన్నిటికంటే కష్టమైనది పోక్సో. 18 నిండని పిల్ల ఇష్టపడి కలిసినా చట్టం దృష్టిలో నేరమే. 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పాలి. చెప్పకపోతే అదీ నేరం. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు గర్భస్రావం కోసం వచ్చిన మైనరు పేరు, వివరాలు డాక్టర్లు పోలీసులకి చెప్పక్కర్లేదంది. కానీ ఆ వెసులుబాటు డాక్టర్లకే గానీ, ఫోనెత్తిన కార్యకర్తకి కాదు. అమ్మాయి నమ్మి చెప్పింది చెబితే నమ్మకద్రోహం, చెప్పకపోతే చట్టవిరుద్ధం. బలవంతం జరిగిన చోట మాకు ఏ తటపటాయింపూ లేదు, వెంట వుండి ఫిర్యాదు ఇప్పిస్తున్నాం. మిగిలిన వాటిలో, మాట మొదలవకముందే మేం ఏది దాచగలమో, ఏది దాచలేమో ఆ పిల్లకి చెప్పేస్తున్నాం. కొందరు అది విని ఫోను పెట్టేస్తారు. ఆ పెట్టేసిన ఫోన్లు రాత్రిళ్ళు గుర్తొస్తాయి.

18 నిండినవాళ్ళకి చెప్పాల్సింది మాత్రం గట్టిగా చెబుతున్నాం. గర్భస్రావానికి వాళ్ళ సంతకం చాలు. భర్తది గానీ, తండ్రిది గానీ అక్కర్లేదు. 2021 సవరణ తర్వాత పెళ్ళికానివాళ్ళు కారణం దాచుకోనక్కర్లేదు. అత్యవసర గర్భనిరోధక మాత్ర 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, చీటీ లేకుండా దొరుకుతుంది. గర్భస్రావం మాత్రలు అలా కొని మింగకూడదు. ఈ రెండు మాత్రలకీ తేడా తెలియని డిగ్రీ విద్యార్థినులు ఎంతమందో చెబితే మీరు నమ్మరు.

వేసవి తర్వాత మేం మార్చుకున్నవి చిన్న చిన్నవే. మేం ముందుగా మెసేజ్ పంపం. శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, ఇళ్ళల్లో మగవాళ్ళు తక్కువగా వుండే వేళ, వాళ్ళే ఫోను చేయాలి. తిరిగి చేయాల్సివస్తే, ఎవరెత్తినా కుట్టు క్లాసు నుంచి అంటాం. (ఇక్కడ రాసేశాను కాబట్టి ఆ పేరు మార్చాలి.) ఊళ్ళో పరిచయమున్న ఆశానో, అంగన్‌వాడీ టీచరునో లేకుండా ఏ ఊళ్ళోనూ మా నంబరు పంచం. అన్నిటికంటే ముందు తల్లులతో కూర్చుంటున్నాం. పిల్లల విషయమని కాదు, వాళ్ళ విషయమని. నలభై ఏళ్ళ ఆడవాళ్ళకి ఎవరూ ఏదీ చెప్పలేదు. తనకి తెలియంది కూతురికి తెలుస్తోందంటే తల్లికి భయం వేయదా మరి?

ఆ అమ్మాయి ఇంటికి మేమిద్దరం రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి అన్న గుమ్మంలోనే నిలబెట్టాడు. రెండోసారి తల్లి మంచినీళ్ళిచ్చింది. సంబంధాలు ప్రస్తుతానికి ఆపారు. పిల్ల గుడివాడలో డిగ్రీలో చేరింది, ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. ఫోను ఇంకా అన్న దగ్గరే వుంది.

పోయిన శనివారం రెండూ ఇరవైకి ఆ ఊరినుంచే ఫోను వచ్చింది. ఎత్తాను. తల్లి. పక్కింటావిడ ఫోను అడిగి తెచ్చుకుందట. గొంతు బాగా తగ్గించి, "అమ్మాయి విషయం కాదండి, నా విషయం" అంది.